దారి లేని పొలం: కాస్పియన్ చమురు, గ్యాస్ మీద ఎవరి పెత్తనం?

2025 నవంబరు 29న రష్యా రేవు పట్టణం నోవోరోసిస్క్ దగ్గర, నల్లసముద్రం ఒడ్డున ఉన్న ఒక చమురు టెర్మినల్ మీద ఉక్రెయిన్ సముద్ర డ్రోన్లు దాడి చేశాయి. ఒడ్డుకు దూరంగా నీళ్ల మీద తేలుతూ ఓడల్లోకి చమురు నింపే యంత్రాంగం ఒకటి పనికిరాకుండా పోయింది. ఉక్రెయిన్ కొట్టాలనుకున్నది రష్యాను. మర్నాడు గట్టిగా నిరసన తెలిపింది మాత్రం కజకస్థాన్.

ఎందుకంటే ఆ టెర్మినల్‌కు చేరే చమురులో అత్యధిక భాగం కజకస్థాన్‌ది. దాన్ని భూమిలోంచి తీసేవాళ్లలో చెవ్రాన్, ఎక్సాన్‌మొబిల్ అనే అమెరికా కంపెనీలు ముందున్నాయి. అది వచ్చే పైప్‌లైన్ రష్యా నేల మీదుగా సాగుతుంది. ఎక్కువగా కొనుక్కునేది యూరప్. కజకస్థాన్ బయటికి అమ్మే చమురులో దాదాపు 80 శాతం ఆ ఒక్క గొట్టంలోంచే పోతుంది. యుద్ధంలో లేని దేశం, తన మీద పడని బాంబుకు నష్టపోయింది.

పల్లెల్లో పెరిగినవాళ్లకు ఇలాంటి తగాదా ఒకటైనా గుర్తుండే ఉంటుంది. ఒక రైతుకు బంగారం లాంటి పొలం ఉంటుంది, కానీ దానికి దారి ఉండదు. చుట్టూ వేరేవాళ్ల చేలు. కోత కోసి, ధాన్యం బండికెత్తి బయటికి రావాలంటే ఎవరో ఒకరి చేలోంచి రావాలి. ఆ చేను అరెకరమే కావచ్చు, అందులో ఏమీ పండకపోవచ్చు. అయినా కోతల కాలంలో ఆ అరెకరం ఆసామి మాటే చెల్లుతుంది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వాలి కదా.

కాస్పియన్ చుట్టూ నూట యాభై ఏళ్లుగా నడుస్తున్నది ఈ దారి తగాదానే. ఆ ప్రాంతం గురించి రాసేటప్పుడు ఎన్ని వేల కోట్ల పీపాల చమురుంది, ఎంత గ్యాస్ ఉంది అనే లెక్కలతో మొదలుపెట్టడం అలవాటు. నాకు మాత్రం నిల్వల పట్టిక కంటే గొట్టాల పటం చూస్తేనే అక్కడి రాజకీయం అర్థమైంది. ఏ గొట్టం ఎటు పోతోంది, ఎవరిని తప్పించుకుని పోతోంది, ఎవరి డబ్బుతో వేశారు అన్నది చూస్తే, ఏ సంవత్సరంలో ఎవరిది పైచేయో తెలిసిపోతుంది.

ముందు భూగోళం. కాస్పియన్‌ను సముద్రం అంటాం గానీ అది నాలుగు వైపులా నేల ఉన్న నీటిమడుగు. ప్రపంచంలో అంత పెద్ద మడుగు ఇంకొకటి లేదు. దాని ఒడ్డున అయిదు దేశాలు: రష్యా, ఇరాన్, అజర్‌బైజాన్, కజకస్థాన్, తుర్క్‌మెనిస్థాన్. అక్కడి నుంచి ఓడ మహాసముద్రంలోకి వెళ్లాలంటే రష్యా లోపలి వోల్గా నది, వోల్గా-డాన్ కాలువ తప్ప దారి లేదు. మొదటి రెండు దేశాలకూ వేరే తీరాలున్నాయి. మిగతా మూడింటికీ ఇదొక్కటే నీరు. కజకస్థాన్, జార్జియా, కిర్గిజ్‌స్థాన్ పేర్లు ఇప్పుడు తెలుగు ఇళ్లకు కొత్తవి కావు, చాలామంది పిల్లలు అక్కడికి ఎంబీబీఎస్‌కు వెళ్తున్నారు. కానీ ఆ దేశాల పేర్లు ప్రపంచ రాజధానుల్లో వినిపించేది వాటి నేల కింద ఉన్నవాటి వల్లా, వాటి నేల మీదుగా పోయేవాటి వల్లా.

బాకు కిరసనాయిలు

అజర్‌బైజాన్ రాజధాని బాకు దగ్గర బీబీ-హేబత్‌లో 1846లోనే చమురు కోసం బోరు వేశారు. అమెరికాలో అందరూ చెప్పుకునే పెన్సిల్వేనియా బావికి అది పదమూడేళ్లు ముందు. అప్పుడు బాకు రష్యా జార్ల ఏలుబడిలో ఉంది. 1870లలో నోబెల్ సోదరులు అక్కడ అడుగుపెట్టారు. బహుమతులు స్థాపించిన ఆల్‌ఫ్రెడ్ నోబెల్ అన్నలు వాళ్లు. 1878లో జొరాస్టర్ అనే చమురు ఓడను నీళ్లలోకి దించి, కాస్పియన్ మీదుగా వోల్గా పైకి, రష్యా బజారుకు కిరసనాయిలు పంపే దారి వేసుకున్నారు. వాళ్ల దారి ఉత్తరానికి. పోటీగా వచ్చిన రాత్‌చైల్డ్ కుటుంబం పడమటి దారి పట్టింది. బాకు నుంచి నల్లసముద్రం మీది బటూమి దాకా రైలుమార్గం 1883లో పూర్తయింది. ఆ రైలుతో బాకు సరుకు ప్రపంచ బజారుకు చేరి, అమెరికా స్టాండర్డ్ ఆయిల్‌కు గట్టి పోటీ అయింది. 1892లో మ్యూరెక్స్ అనే ఓడ బటూమిలో కిరసనాయిలు నింపుకుని సూయెజ్ కాలువ దాటి ఆసియాకు వచ్చింది. ఆ ఓడ పంపిన వ్యాపారి స్థాపించిందే తర్వాత షెల్ అయింది. ఆ కాలంలో మన దేశపు లాంతర్లలోనూ రష్యా కిరసనాయిలు వెలిగింది.

1900 నాటికి ప్రపంచ చమురులో దాదాపు సగం బాకుదే. అంత సరుకున్న ఊరిని ఎవరూ వదల్లేదు. 1918లో బ్రిటిష్ దళం వచ్చింది, దాన్ని వెళ్లగొట్టి ఒట్టోమన్ సేనలు వచ్చాయి, 1920 ఏప్రిల్‌లో ఎర్రసైన్యం వచ్చి ఉండిపోయింది. 1942లో హిట్లర్ తన సేనలను దక్షిణానికి నడిపింది కూడా ప్రధానంగా ఈ చమురు కోసమే. ఆగస్టులో మైకోప్ దాకా వచ్చారు. అక్కడ సోవియట్లు బావులను ముందే పాడుచేసి వెళ్లారు. బాకు చేరకముందే స్టాలిన్‌గ్రాడ్ దగ్గర జర్మనీ నడుం విరిగింది.

ఆ తర్వాత యాభై ఏళ్లూ దారి తగాదా లేదు, ఎందుకంటే పొలాలన్నీ ఒకే యజమానివి. సోవియట్ ఇంజనీర్లు తుర్క్‌మెన్ గ్యాస్‌ను, కజక్ చమురును ఉత్తరానికి, రష్యా వైపు తీసుకెళ్లే గొట్టాలు వేశారు. దేశం ఒకటే కాబట్టి అందులో తప్పు కనిపించలేదు. 1991 డిసెంబరులో సోవియట్ యూనియన్ విడిపోయాక గొట్టాలు మాత్రం భూమిలో అలాగే ఉండిపోయాయి. అజర్‌బైజాన్, కజకస్థాన్, తుర్క్‌మెనిస్థాన్‌లకు స్వాతంత్ర్యం వచ్చింది, దారి మీద హక్కు రాలేదు.

మూడు దేశాలను తప్పించుకున్న పైప్‌లైన్

1994 సెప్టెంబరు 20న బాకులో హైదర్ అలియేవ్ ప్రభుత్వం పాశ్చాత్య కంపెనీల కూటమితో 30 ఏళ్ల ఒప్పందం చేసుకుంది. అజేరి, చిరాగ్, గునష్లీ అనే సముద్రగర్భ క్షేత్రాలు. అక్కడివాళ్లు దాన్ని శతాబ్దపు ఒప్పందం అంటారు. కూటమికి నాయకత్వం తర్వాత బ్రిటిష్ పెట్రోలియం చేతికి వచ్చింది. రష్యా కంపెనీ లుకాయిల్‌కు కూడా ఒక వాటా ఇచ్చారు, పొరుగున ఉన్న పెద్దాయనకు కోపం రాకుండా.

చమురు తీయడం తెలిసిన పనే, దాన్ని ఎటు పంపాలన్నదే చిక్కు. ఉత్తరానికి పంపితే రష్యా చేతిలో పడాలి. దక్షిణాన ఇరాన్ మీదుగా పర్షియన్ గల్ఫ్‌కు పంపడం దగ్గర దారి, కానీ ఇరాన్ మీద అమెరికా ఆంక్షలున్నాయి. పడమటికి తిన్నగా గీత గీస్తే ఆర్మేనియా వస్తుంది, నగోర్నో-కరబాఖ్ కోసం అజర్‌బైజాన్ ఆ దేశంతో అప్పుడే యుద్ధం చేసి ఓడింది. మిగిలింది జార్జియా. అక్కడి నుంచి టర్కీ కొండల మీదుగా మధ్యధరా సముద్రం దాకా. అన్నిటికంటే పొడుగు దారి, అన్నిటికంటే ఖరీదైన దారి. అమెరికా దీని వెనక గట్టిగా నిలబడింది. క్లింటన్ ప్రభుత్వానికి ఇందులో వ్యాపారం కంటే రాజకీయమే ముఖ్యం. కొత్త దేశాలు మాస్కో పట్టు నుంచి బయటపడాలి, ఇరాన్‌కు ఒక్క డాలరు రుసుము కూడా దక్కకూడదు.

అలా పుట్టింది బాకు-ట్బిలీసీ-జేహాన్ పైప్‌లైన్. పొడవు 1,768 కిలోమీటర్లు. అందులో 443 అజర్‌బైజాన్‌లో, 249 జార్జియాలో, 1,076 టర్కీలో. 2005 మే నెలలో బాకు చివర చమురు వదలడం మొదలుపెడితే, టర్కీ తీరంలోని జేహాన్‌కు చేరేసరికి ఏడాది పట్టింది. గొట్టం నిండడానికే దాదాపు కోటి పీపాలు కావాలి. పైప్‌లైన్ అంటే ఎంత పెద్ద కట్టుబాటో అర్థం కావడానికి ఈ ఒక్క సంగతి చాలు. నిండుగా ఉంచడానికే అంత సరుకు, వేయడానికి దాదాపు 400 కోట్ల డాలర్లు. అంత ఖర్చు పెట్టినవాడు ముప్పై ఏళ్లపాటు ఆ దారిన సరుకు నడవాలనే కోరుకుంటాడు, ఆ దారిలోని ప్రభుత్వాలు తనతో స్నేహంగా ఉండాలనీ కోరుకుంటాడు. ఒకసారి గొట్టం వేశాక విదేశాంగ విధానం చాలావరకు దాని వెంటే నడుస్తుంది.

ఆ దారి ఎంత ఇరుకో 2008 ఆగస్టులో తేలింది. ఆగస్టు 5న టర్కీలోని రెఫాహియే దగ్గర ఈ పైప్‌లైన్‌లో పేలుడు జరిగి మంటలు లేచాయి. మూడు రోజులు తిరక్కుండానే రష్యా సేనలు జార్జియాలోకి దిగాయి. పాశ్చాత్య దేశాలు రష్యాను తప్పించి వేసుకున్న ఏకైక పెద్ద చమురు దారి, రష్యా ట్యాంకులకు కొద్ది గంటల దూరంలో ఉందని ఆ వారం అందరికీ కనిపించింది.

గ్యాస్ సంగతి వేరు

ఇక్కడ కాసేపు ఆగి చమురుకూ గ్యాస్‌కూ తేడా చెప్పుకోవాలి. చాలా విశ్లేషణలు రెండింటినీ కలిపేస్తాయి, దాంతో అసలు విషయం జారిపోతుంది.

చమురు ద్రవం. ఒకసారి రేవుకు చేరిందంటే ఓడలో పోసి ఏ దేశానికైనా పంపొచ్చు. ఇతను వద్దంటే ఇంకొకతను కొంటాడు. గ్యాస్ అలా కాదు. దాన్ని గొట్టంలోకి పంపాలి, ప్రతి వంద, రెండు వందల కిలోమీటర్లకు కంప్రెసర్ స్టేషన్ పెట్టి నెడుతూ ఉండాలి. గొట్టం ఎక్కడ ఆగితే అక్కడున్నవాడే కొనుగోలుదారు. దాదాపు మైనస్ 160 డిగ్రీల దాకా చల్లబరిచి ద్రవంగా మార్చి ఓడల్లో పంపే పద్ధతి ఉంది, ఖతార్ అలాగే ధనిక దేశమైంది. కానీ దానికి మహాసముద్రపు తీరం కావాలి. కాస్పియన్ ఒడ్డున ఆ ప్లాంటు కట్టినా ఓడ వెళ్లే చోటు లేదు. కాబట్టి తుర్క్‌మెనిస్థాన్ లాంటి దేశానికి గ్యాస్ అమ్మడం ఆడపిల్లకు పెళ్లి సంబంధం చూడటమంత పెద్ద నిర్ణయం. కుదిరాక తేలిగ్గా తెగదు, తెగితే ఇద్దరికీ నష్టం.

తుర్క్‌మెనిస్థాన్‌లో ఉన్న గ్యాస్ సామాన్యమైనది కాదు. మేరీ పట్టణానికి దక్షిణంగా గల్కినిష్ అనే క్షేత్రం ఉంది. ప్రపంచంలోని అతిపెద్ద గ్యాస్ క్షేత్రాల్లో అదొకటి. అంత గ్యాస్ ఉన్న దేశం మొదటి పదిహేనేళ్లూ దాన్ని రష్యా వైపు గొట్టంలోనే పంపాల్సి వచ్చింది. 1997లో ఇరాన్‌కు వేసిన ఒక చిన్న పైప్‌లైన్ తప్ప వేరే దారి లేదు. 2000ల మొదట్లో వెయ్యి ఘనపు మీటర్లకు 44 డాలర్ల ధర, అందులో సగం నగదు కాదు, సరుకులు. రష్యా కంపెనీ గాజ్‌ప్రోమ్ ఆ గ్యాస్‌ను తన అవసరాలకూ ఉక్రెయిన్ లాంటి పొరుగువాళ్లకూ సర్ది, సైబీరియాలో తీసిన తన గ్యాస్‌ను యూరప్‌కు ఎన్నో రెట్ల ధరకు అమ్ముకుంది. తుర్క్‌మెన్ల సొమ్ము, గాజ్‌ప్రోమ్ సోకు.

తర్వాత ధరలు పెరిగాయి. చైనా వస్తోందని తెలిసి గాజ్‌ప్రోమ్ 2008లో యూరప్ ధరలకు దగ్గరగా ఇస్తానని ఒప్పుకుంది. ఏటా 4,000 కోట్ల ఘనపు మీటర్లకు పైగా కొనేది. అంతలో ప్రపంచ ఆర్థిక సంక్షోభం వచ్చింది. యూరప్‌లో ఫ్యాక్టరీలు మందగించాయి, గ్యాస్ వాడకం పడిపోయింది. ఎక్కువ ధరకు కొంటానన్న సరుకు గాజ్‌ప్రోమ్‌కు గుదిబండ అయింది.

2009 ఏప్రిల్ 9న తుర్క్‌మెన్-ఉజ్బెక్ సరిహద్దు దగ్గర ఆ పైప్‌లైన్ పేలింది. అవతలి చివర తీసుకోవడం ఒక్కసారిగా తగ్గిస్తే గొట్టంలో ఒత్తిడి పెరుగుతుంది. ముందు చెప్పకుండా గాజ్‌ప్రోమ్ తీసుకోవడం తగ్గించడం వల్లే ఇది జరిగిందని తుర్క్‌మెనిస్థాన్ బహిరంగంగా ఆరోపించింది. రష్యా ఒప్పుకోలేదు. మరమ్మతు పెద్ద పని కాదు, కానీ గ్యాస్ మళ్లీ కదిలేసరికి 2010 జనవరి వచ్చింది. ఆ తొమ్మిది నెలలూ తుర్క్‌మెనిస్థాన్ ఖజానాకు ప్రధాన ఆదాయం ఆగిపోయింది. ఏ దేశమూ దాని మీద తూటా పేల్చలేదు, ఆంక్ష పెట్టలేదు. ఒక కొనుగోలుదారు కొనడం మానేశాడు, అంతే. ఈ ప్రాంతపు చరిత్రలో నన్ను ఎక్కువగా కదిలించిన ఘట్టం ఇదే.

2009 డిసెంబరు 14న సమన్-దెపె అనే చోట చైనా అధ్యక్షుడు హు జింటావో ఒక వాల్వ్ తిప్పారు. పక్కన తుర్క్‌మెన్, ఉజ్బెక్, కజక్ అధ్యక్షులు. చైనా సరిహద్దు దాకా 1,833 కిలోమీటర్ల కొత్త పైప్‌లైన్ అది. ఒక దానితో మొదలై మూడు వరుసలైంది. ఇప్పుడు వాటి సామర్థ్యం ఏటా 5,500 కోట్ల ఘనపు మీటర్లు. గల్కినిష్ తవ్వకానికి కావలసిన అప్పు కూడా చైనా బ్యాంకే ఇచ్చింది. 2016 జనవరిలో గాజ్‌ప్రోమ్ తుర్క్‌మెన్ గ్యాస్ కొనడం పూర్తిగా ఆపేసింది. 2019లో మళ్లీ మొదలుపెట్టినా అది మునుపటితో పోలిస్తే చారెడు. 2017 జనవరిలో బాకీల గొడవతో ఇరాన్‌కు తుర్క్‌మెనిస్థానే సరఫరా ఆపింది. మాస్కో చేతిలోంచి జారిన తాడు బీజింగ్ చేతికి వచ్చింది.

చైనా పద్ధతి గురించి ఒక మాట. అది తుర్క్‌మెనిస్థాన్‌కు సేనలను పంపలేదు, స్థావరాల గురించి మాట్లాడలేదు. అప్పిచ్చింది, గొట్టం వేసింది, కొంటానంది. బలవంతం ఎక్కడా కనిపించదు. కానీ ఒకే కొనుగోలుదారు ఉన్నచోట ధర ఎవరు చెప్తారో పత్తి అమ్ముకునే మన రైతుకు వేరే చెప్పక్కర్లేదు. పైగా చైనాకు ఇప్పుడు రష్యా గ్యాస్ కూడా నేరుగా వస్తోంది. సైబీరియా నుంచి మొదటి పైప్‌లైన్ 2019 డిసెంబరులో తెరుచుకుంది. రెండో దాని కోసం 2025 సెప్టెంబరులో పత్రాల మీద సంతకాలయ్యాయి, ధర మాత్రం తేలలేదు. కిర్గిజ్‌స్థాన్, తజికిస్థాన్ మీదుగా తుర్క్‌మెన్ గ్యాస్ కోసం వేయాల్సిన నాలుగో వరుస ఏళ్ల తరబడి కదలడం లేదు. ఇద్దరు అమ్మకందారులను ఎదురెదురుగా నిలబెట్టి బేరమాడే వీలు బీజింగ్‌కు దక్కింది.

ఉజ్బెకిస్థాన్‌లో జరిగింది ఇంకా విచిత్రం. ఒకప్పుడు ఇక్కడి గ్యాస్‌ను రష్యాకు మోసిన సోవియట్ కాలపు గొట్టంలోనే 2023 అక్టోబరు నుంచి రష్యా గ్యాస్ వెనక్కి ప్రవహిస్తోంది. ఉజ్బెక్ బావుల ఉత్పత్తి తగ్గింది, ఇళ్లలో చలికి గ్యాస్ చాలడం లేదు. యూరప్ బజారు పోగొట్టుకున్న గాజ్‌ప్రోమ్‌కు కొత్త గిరాకీ కావాలి. పాత గొట్టమే, దిశ మారింది.

సముద్రమా, చెరువా?

మ్యాపులో చూస్తే తుర్క్‌మెన్ గ్యాస్‌ను యూరప్‌కు పంపడం సులువుగా కనిపిస్తుంది. కాస్పియన్ అడుగున తుర్క్‌మెన్‌బాషీ నుంచి బాకు వైపు 300 కిలోమీటర్ల గొట్టం చాలు. బాకు నుంచి జార్జియా, టర్కీ, గ్రీసు మీదుగా ఇటలీ దాకా గ్యాస్ దారి 2020 చివరికల్లా పూర్తయింది. మరి ఆ 300 కిలోమీటర్లు ముప్పై ఏళ్లుగా ఎందుకు పడలేదు?

చట్టం పేరుతో మొదట ఒక అడ్డంకి వచ్చింది. కాస్పియన్ సముద్రమైతే అంతర్జాతీయ సముద్ర చట్టం ప్రకారం ప్రతి దేశానికీ తన భాగం ఉంటుంది. చెరువైతే ఒడ్డునున్న అందరి సమ్మతీ కావాలి. రష్యా, ఇరాన్ చాలాకాలం రెండో వాదన పట్టుకున్నాయి. 2018 ఆగస్టు 12న కజకస్థాన్‌లోని అక్తావు పట్టణంలో అయిదుగురు అధ్యక్షులూ ఒక ఒప్పందం మీద సంతకం చేశారు. తీరం నుంచి 15 నాటికల్ మైళ్లు ప్రాదేశిక జలాలు, ఆపై 10 మైళ్లు చేపల వేటకు, అడుగు నేలను పక్కపక్క దేశాలు మాట్లాడుకుని పంచుకోవాలి. గొట్టం ఎవరి భాగంలోంచి పోతే వాళ్లు ఒప్పుకుంటే చాలు. ఒడ్డున లేని దేశాల సైన్యాలు ఇక్కడ ఉండకూడదు. ఈ ఆఖరి నియమం రష్యాకూ ఇరాన్‌కూ కావలసింది.

కానీ ఇరాన్ పార్లమెంటు దాన్ని ఇంకా ఆమోదించలేదు. పైగా పర్యావరణ ప్రమాణాల పేరుతో అభ్యంతరం చెప్పే కిటికీ అందులో తెరిచే ఉంచారు. చట్టం చిక్కు తీరినా డబ్బు చిక్కు ఉంది. రాబోయే దశాబ్దాల్లో గ్యాస్ వాడకం తగ్గిస్తానంటున్న యూరప్ ముప్పై ఏళ్ల ఒప్పందం ఇవ్వదు. అది లేకుండా ఏ బ్యాంకూ అప్పివ్వదు. 2022 జులైలో యూరప్ కూటమి అజర్‌బైజాన్ నుంచి కొనే గ్యాస్‌ను 2027కల్లా ఏటా కనీసం 2,000 కోట్ల ఘనపు మీటర్లకు పెంచుకుందామని ఒప్పందం రాసుకుంది. రష్యా మీద ఆధారపడకూడదన్నది ఉద్దేశం. అదే ఏడాది నవంబరులో అజర్‌బైజాన్ తన చలికాలపు అవసరాలకు గాజ్‌ప్రోమ్ నుంచి కొంత గ్యాస్ కొనుక్కుంది. గొట్టాలు కలిసి ఉన్నచోట రాజకీయ ప్రకటనలు చెప్పినంత శుభ్రంగా లెక్కలు విడిపోవు.

కజకస్థాన్ దగ్గరికి మళ్లీ వద్దాం. 2022 జూన్‌లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో, పుతిన్ పక్కనే కూర్చుని, తూర్పు ఉక్రెయిన్‌లోని వేర్పాటు ప్రాంతాలను తాము గుర్తించబోమని అధ్యక్షుడు తొకాయెవ్ చెప్పారు. జులై 4న యూరప్‌కు ఇంధనం విషయంలో సాయపడతామన్నారు. జులై 5న నోవోరోసిస్క్ కోర్టు ఆ చమురు టెర్మినల్‌ను 30 రోజులు మూసేయమంది. చెప్పిన కారణం చమురు ఒలికితే ఏం చేయాలన్న ప్రణాళిక కాగితాల్లో లోపాలు. వారం తిరక్కముందే పై కోర్టు దాన్ని 2 లక్షల రూబుళ్ల జరిమానాగా మార్చింది. ఈ రెండు సంగతులకూ సంబంధం ఉందని రష్యా ఎప్పుడూ అనలేదు. తేదీలు పక్కపక్కన పెట్టి చూస్తే టెన్షన్ పడని కజక్ అధికారి ఉండడు.

వేరే దారి లేదా అంటే ఉంది. అక్తావు రేవులో చమురును ఓడలకెత్తి, కాస్పియన్ దాటించి, బాకు-జేహాన్ గొట్టంలో పోయొచ్చు. 2024లో అలా వెళ్లింది దాదాపు 14 లక్షల టన్నులు. రష్యా మీదుగా నోవోరోసిస్క్ గొట్టంలో వెళ్లిన కజక్ చమురు దాదాపు 5.5 కోట్ల టన్నులు. ఆ తేడా పూడ్చడానికి ఓడలు పెంచుదామంటే కాస్పియన్ నీటిమట్టమే 1990ల మధ్య నుంచి పడిపోతూ వస్తోంది. లోతు తగ్గితే ఓడలో పూర్తి బరువు నింపలేరు. దాంట్లోకి వచ్చే నీటిలో దాదాపు 80 శాతం వోల్గాది. వోల్గా రష్యాది.

మనకు ఇందులో ఏముంది?

భారత్ ఈ ప్రాంతంలో మూడుసార్లు గట్టిగా ప్రయత్నించి, ఎక్కువగా ఖాళీ చేతులతో తిరిగొచ్చింది. 2005లో కజకస్థాన్‌లోని పెట్రోకజకస్థాన్ అనే కంపెనీ కోసం ఓఎన్‌జీసీ, మిట్టల్ కలిసి పోటీపడితే చైనా జాతీయ చమురు కంపెనీ 418 కోట్ల డాలర్లు పెట్టి ఎత్తుకుపోయింది. 2012 నవంబరులో కషగాన్ చమురు క్షేత్రంలో అమెరికా కంపెనీ కొనొకోఫిలిప్స్ వాటా 8.4 శాతాన్ని దాదాపు 500 కోట్ల డాలర్లకు కొనడానికి ఓఎన్‌జీసీ విదేశ్ ఒప్పందం చేసుకుంది. ముందు కొనే హక్కు తనకుందని కజకస్థాన్ ఆ వాటాను తీసుకుని, దాదాపు అంతా చైనా కంపెనీకి ఇచ్చింది. 2013 సెప్టెంబరులో షీ జిన్‌పింగ్ వచ్చినప్పుడు ఆ సంతకాలయ్యాయి. అదే పర్యటనలో, అస్తానాలోని ఒక విశ్వవిద్యాలయంలో, ఆయన సిల్క్ రోడ్ ఆర్థిక మండలం ఆలోచనను మొదటిసారి బయటపెట్టారు. కషగాన్‌లో మన కంపెనీ డబ్బు తక్కువిచ్చి ఓడిపోలేదు. కొన్న చమురును ఇంటికి తెచ్చుకునే దారి చైనాకు ఉంది, మనకు లేదు. నా అంచనాలో అసలు తేడా అదే.

మూడోది తుర్క్‌మెనిస్థాన్ నుంచి అఫ్గానిస్థాన్, పాకిస్థాన్ మీదుగా పంజాబ్ సరిహద్దులోని ఫాజిల్కా దాకా రావాల్సిన టాపీ పైప్‌లైన్. 1,814 కిలోమీటర్లు, ఏటా 3,300 కోట్ల ఘనపు మీటర్లు, అందులో మనదీ పాకిస్థాన్‌దీ చెరి 42 శాతం. 1990లలో ఈ దారి కోసం అమెరికా కంపెనీ యూనోకాల్, అర్జెంటీనా కంపెనీ బ్రిడాస్ తాలిబన్లతో పోటాపోటీగా మాట్లాడాయి. 1998లో అఫ్గానిస్థాన్ మీద అమెరికా క్షిపణులు పడ్డాక యూనోకాల్ తప్పుకుంది. 2015 డిసెంబరు 13న మేరీలో శంకుస్థాపన జరిగితే మన ఉపరాష్ట్రపతి హమీద్ అన్సారీ వెళ్లారు. 2024 సెప్టెంబరులో హెరాత్ వైపు పని మొదలైంది. ఆ గొట్టం ఏదో ఒకరోజు హెరాత్ చేరొచ్చు. ఇస్లామాబాద్ దాటి వచ్చే వాల్వ్ మీద ఢిల్లీ తన ఎరువుల ఫ్యాక్టరీలను ఆధారపడనిచ్చే రోజు నాకు కనిపించడం లేదు.

గొట్టం అవసరం లేని సరుకులోనే మనకు కొంత కలిసొచ్చింది. ప్రపంచంలో తవ్వే యురేనియంలో దాదాపు 40 శాతం కజకస్థాన్‌ది. పీపాల్లో పెట్టి రైల్లోనో ఓడలోనో పంపొచ్చు. 2015లో 5,000 టన్నులకు ఒప్పందమైంది. దిగుమతైన యురేనియం ఇంధన కడ్డీలుగా మారేది హైదరాబాద్‌లోని న్యూక్లియర్ ఫ్యూయెల్ కాంప్లెక్స్‌లో. అక్కడ కూడా పోటీ లేకపోలేదు. కజకస్థాన్ తన మొదటి పెద్ద అణు విద్యుత్ కేంద్రాన్ని కట్టే పని 2025లో రష్యా సంస్థ రోసాటమ్‌కు అప్పగించింది.

అమెరికా ఈ మధ్య మళ్లీ ఇటు చూస్తోంది. 2025 ఆగస్టులో అజర్‌బైజాన్, ఆర్మేనియా నాయకులను వాషింగ్టన్ రప్పించి, ఆర్మేనియా దక్షిణ అంచు మీదుగా కొత్త దారికి ఒప్పించింది. 1990లలో తప్పించుకుని పోయిన నేల మీదుగానే ఇప్పుడు దారి వేయాలంటున్నారు.

బావుల పక్కన బతికేవాళ్లు

ఇంతసేపూ దేశాలు, కంపెనీలు, అధ్యక్షుల గురించే రాశాను. కజకస్థాన్ పడమర చివర ఎడారిలో జనావొజెన్ అనే ఊరుంది. చమురు కోసమే పుట్టిన ఊరు, గ్యాస్ శుద్ధి చేసే కర్మాగారం కూడా అక్కడే ఉంది. 2011లో అక్కడి చమురు కార్మికులు జీతాల కోసం నెలల తరబడి సమ్మె చేశారు. డిసెంబరు 16న, దేశ స్వాతంత్ర్య దినం నాడు, పోలీసులు కాల్పులు జరిపారు. అధికారిక లెక్కల ప్రకారమే పదిమందికి పైగా చనిపోయారు.

పదేళ్ల తర్వాత, 2022 జనవరి 1న, కార్లలో నింపే ఎల్‌పీజీ ధర మీద ప్రభుత్వ నియంత్రణ తీసేశారు. లీటరు 60 టెంగేలు (అక్కడి కరెన్సీ) ఉన్నది ఒక్క రాత్రిలో 120 అయింది. జనవరి 2న జనావొజెన్‌లో జనం రోడ్డెక్కారు. తమ కాళ్ల కింద నేలలోంచి గ్యాస్ తీస్తున్న ఊళ్లో ఆ ధర ఎందుకు కట్టాలన్నది వాళ్ల ప్రశ్న. రెండు రోజులకు ప్రభుత్వం ఆ ప్రాంతంలో ధరను 50 టెంగేలకు తగ్గించింది. అప్పటికే ఆందోళన దేశమంతా పాకింది, మర్నాడు అల్మాటీలో అధికార భవనాలు కాలాయి. తొకాయెవ్ అడగ్గానే రష్యా నాయకత్వంలోని సేనలు విమానాల్లో దిగాయి. చనిపోయినవాళ్లు 200 మందికి పైగా. ఆ రోజుల్లో యూరప్ పత్రికలు ఎక్కువగా అడిగింది కజకస్థాన్‌లోని టెంగిజ్ చమురు క్షేత్రంలో ఉత్పత్తి ఆగుతుందా అని. కొద్దిగా తగ్గింది, కొన్ని రోజుల్లో సర్దుకుంది. నోవోరోసిస్క్‌లో ఓడలు నిండుతూనే ఉన్నాయి.